ఎండుటాకు సీతాకోకచిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకి మూడు కోటలు, ముగ్గురు కొడుకులు. అయినా అడవి నుంచి పోలి అనే పిల్ల ఏడుస్తూ వస్తే, కూర్చోమని అన్నవాడు ఒక్కడూ లేడు. పోలి నిలబడే చెప్పింది.

"దొరా, ఘోరాక్షుడనే మాంత్రికుడు అడవంతా తనదన్నాడు. అందులో బతికేవాళ్లందరిదీ అని మేమన్నాం. మా గూడేన్ని రాళ్లు చేశాడు. వాడి ప్రాణం ఎండుటాకు సీతాకోకచిలుకలో ఉంది."

పెద్దకొడుకు బంగారు వలతో వెళ్లాడు. అడవి నిండా ఎండుటాకులే! వెతుకుతుండగానే రాయైపోయాడు. రెండోవాడు బండెడు పూలతో వెళ్లాడు. పూలు వాడాయి, వాడూ రాయయ్యాడు.

మూడోవాడు మణిధరుడు మాత్రం, "పోలీ, దాన్ని ఎలా పిలవాలి?" అని అడిగాడు.

"ఇప్పటికి అడిగారయ్యా ఒకరు! అది పూల మొహం చూడదు. కుళ్లిన పండు కావాలి."

యువరాజు కుళ్లిన పనసపండు నెత్తిన పెట్టుకుని పోలి వెంట ఏడు కొండలు దాటాడు. మొహమంతా రసం, చుట్టూ ఈగలు.

"కిరీటం కంటే ఇదే బావుంది నీకు," అని నవ్వింది పోలి.

పండు కింద పెట్టగానే ఒక ఎండుటాకు ఎగిరొచ్చి వాలింది. అదే ఈనె, అదే తొడిమ, అవే బూజు మచ్చలు. రెక్క విప్పితే లోపలంతా నీలం, మధ్యలో నారింజ పట్టె! మణిధరుడు కత్తి దూశాడు.

"కొట్టు నాయనా," అంది సీతాకోకచిలుక. "మా ఆయుష్షు కొన్ని వారాలే. గుడ్లు పెట్టేదాకా నాకు దానంతటది చావు రాకుండా వాడు మంత్రం వేసి నూరేళ్లయింది. నా పిల్లలు తినే నీలాంబరం మొక్కలన్నీ పీకించేశాడు. అవి లేకుండా గుడ్లెక్కడ పెట్టను?"

మణిధరుడు కత్తి ఒరలో పెట్టేశాడు. "నిన్ను చంపితే వాడికీ నాకూ తేడా ఏముంది?"

జలపాతం పక్క కొండచరియలో ఒక్క మొక్క మిగిలి ఉందని పోలికి తెలుసు. మణిధరుడు ఒకసారి ఎక్కి జారాడు, రెండోసారి జారాడు, మూడోసారి వేళ్లతో సహా తెచ్చాడు.

అంతలో ఘోరాక్షుడు ఊడిపడ్డాడు. "ఆ మొక్క నాది!"

"నువ్వు నాటావా? నీళ్లు పోశావా?" అంది పోలి.

వాడు కర్ర ఎత్తాడు. మణిధరుడి పాదాలు రాయయ్యాయి, మోకాళ్లు రాయయ్యాయి. అయినా మొక్కను వదల్లేదు. సీతాకోకచిలుక దానిమీద ఒక గుడ్డు పెట్టింది, రెండు పెట్టింది, మూడు పెట్టి హాయిగా రాలిపోయింది. ఘోరాక్షుడు బూడిదయ్యాడు. రాళ్లన్నీ మనుషులై లేచాయి.

"పోలీ, నన్ను చేసుకుంటావా?"

"ముందు ఆ పనసరసం కడుక్కురా, చెబుతాను."

కడుక్కొచ్చాడు. పెళ్లయింది. అడవి ఏ ఒక్కడిదీ కాదు, రాజుది అసలే కాదని మొదటి శాసనం రాయించి, ఇద్దరూ నిండా అరవై ఏళ్లు ఏలారు. మూడు గుడ్లలోంచి నల్లటి ముళ్ల గొంగళిపురుగులు వచ్చి ఆకులు కరకరా నమిలాయి. రాజ్యంలో ఎవరూ వాటిమీద చీపురెత్తలేదు.