గుమాస్తా రాకముందు

"మాస్టారూ, లినక్స్ మిషను లేచేటప్పుడు లాగ్ రాయడం ఎప్పుడు మొదలవుతుంది?" అని హైమావతి అడిగింది.

అడగక తప్పలేదు. ఆమె చూసుకునే ఆసుపత్రి సర్వరు పొద్దున్నే లేస్తూ, అంటే బూటవుతూ, మధ్యలో బిగుసుకుపోయింది. వారంలో ఇది మూడోసారి. ఎప్పటిలాగే స్విచ్ ఆపి మళ్లీ వేస్తే సర్వరు లేచింది. "నువ్వే ఏదో కెలికావు. కాదంటే సోమవారానికి రుజువు చూపించు, లేదా మానెయ్" అన్నాడు మేనేజరు. మిషను తనకు జరిగిందంతా రాసుకునే లాగ్‌లో వెతికితే, మధ్యలో ఆగిపోయిన రోజుల గురించి ఒక్క ముక్క లేదు. సవ్యంగా లేచిన రోజుల్లో మాత్రం, లాగ్ రాసే ప్రోగ్రాము 'నేను లేచాను' అని చెప్పుకున్న వరుసకు పైన వందల వరుసలున్నాయి. అది లేవకముందు రాసిందెవరు?

భీమశంకరం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, చెప్పులు వేసుకుంటారు. ఆయన శిష్యులకు కంప్యూటరు కంటే నడకే బాగా వచ్చని ఊళ్లో అనుకుంటారు. హైమావతిని కాలవ లాకుల దగ్గరికి తీసుకెళ్లారు.

అక్కడ లాకులు కాసే లస్కరు నూకయ్య తెల్లారినప్పటి నుంచి గంటగంటకూ నీటిమట్టం చూసి, సుద్దముక్కతో గోడ మీద రాస్తాడు. గుమాస్తా పదింటికి వచ్చి, ముందు గోడ మీదున్నవన్నీ రిజిస్టరులోకి ఎక్కించి, ఆ కింద తన రాక రాసుకుంటాడు. పదింటికి అన్నది ప్రభుత్వం మాట. ఆ రోజు పదకొండయినా రాలేదు.

హైమావతికి బుర్ర తిరిగింది. ఆసుపత్రికీ కాలవకీ ఏం సంబంధం? ఆలోచిస్తూ గోడకు చేరగిలపడింది.

"అమ్మాయిగారూ! వీపు!" అని నూకయ్య కేక వేశాడు.

ఉలిక్కిపడి జరిగింది. గోడ ఖాళీ. పొద్దుటి కాలవంతా ఆమె నీలం చున్నీ మీద తెల్లటి మరకయింది.

అప్పుడు గుమాస్తా వచ్చి గోడ చూశాడు. "ఏమోయ్ నూకయ్యా, పొద్దుట్నుంచి కాలవలో నీళ్లే లేవా?" అన్నాడు. రిజిస్టరు తెరిచి తన రాకను మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు.

హైమావతి ఆ రిజిస్టరు వంక చూసింది. స్విచ్ నొక్కిన తన వేలి వంక చూసుకుంది.

"మాస్టారూ, మిషను ఆగేసరికి గుమాస్తా ఇంకా రాలేదు. అప్పటిదాకా జరిగిందంతా, స్విచ్ ఆపితే చెరిగిపోయే దాని జ్ఞాపకంలోనే ఉంది. మూడుసార్లూ నేనే..." అని ఆగింది. "రేపు మళ్లీ ఆగితే?"

ఆ మాట అంటూనే ఆమె చెయ్యి చున్నీ మీదికి పోయింది.

"దులపకమ్మా" అన్నారు మాస్టారు. "ముందు చదువు."