కబురందని కండ

మా గురునాయుడు మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. విజయనగరం పక్కన ఆయన నడిపే వెయిట్‌లిఫ్టింగ్ షెడ్డులో మా ఆడపిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. అయినా సత్యవేణి అడిగింది. అడక్క ఏం చేస్తుంది పాపం!

నాలుగేళ్లుగా నాగా లేకుండా బరువులెత్తిన పిల్ల అది. పరిశోధన చేసే డాక్టర్లు కొత్తలో ఒకసారి, ఈమధ్య ఒకసారి దాని తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. కసరత్తు అయ్యాక ఎదగమని కండకు కబురు మోసే ప్రోటీన్లు కొన్ని ఉంటాయట. కొత్తలో అవి ఒకటే హడావిడి చేశాయి. ఇప్పుడు అదే కసరత్తుకు అంతంతమాత్రంగా కదిలాయి. అది విన్నాక సత్యవేణికి గుండె జారిపోయింది. ఏడాదిగా తొంభై కిలోల దగ్గరే ఆగిపోయింది మరి. జిల్లా జట్టులో మిగిలింది ఒక్క చోటు. ఈసారీ ఎంపిక కాకపోతే షెడ్డు మానిపించేస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు.

"నా కండకి చెవుడొచ్చేసిందా మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు దాన్ని ఇంటికి పొమ్మన్నారు. ఎంపిక రోజు దాకా, ఆ రెండు వారాలూ షెడ్డు ఛాయలకు రావద్దని, నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని చెప్పారు. తనను వదిలించుకున్నారనే అనుకుంది పిచ్చిది. ఇంట్లో కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చింది, అన్నం మానేయబోయి అమ్మ చేత చీవాట్లు తింది. కానీ మాస్టారి మాట మాత్రం దాటలేదు.

ఎంపిక రోజు అది గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, లోపల ఎవరో ఎత్తిన బరువును ధడేల్మని వదిలేశారు. సత్యవేణి ఎగిరిపడింది. మేమెవరమూ తల కూడా తిప్పలేదు. రోజూ ఆ మోతలోనే బతుకుతాం కదా, అదీ షెడ్డుకి వచ్చినన్నాళ్లూ మాలాగే ఉండేది. మాస్టారు దాని వంక ఒక్క క్షణం చూసి, తొంభైకి ఇంకో రెండు కిలోలు కలపమన్నారు.

సత్యవేణి బరువును ఛాతీ దాకా తెచ్చింది, గట్టిగా గాలి పీల్చి తల మీదికి లేపింది, మోచేతులు వణక్కుండా నిలబడింది. మా కేకలకు షెడ్డు రేకులు అదిరాయి. జట్టులో చోటు దానిదే!

అది రొప్పుతూనే మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. ఏమీ చెయ్యకుండా కూర్చున్న మనిషి మీద అంత నమ్మకంగా బరువెలా పెంచారని నిలదీసింది.

మాస్టారు నవ్వారు. "గుమ్మంలో మోతకి ఉలిక్కిపడ్డావు చూడమ్మా, చెవికి అలవాటు వదిలితే కండకీ వదిలినట్టే. అది చూశాకే పెంచాను."