ఎంగిలాకుల గుట్ట

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు గానీ, చండకీర్తి అనే రాజు ఉండేవాడు. దానగుణం ఉన్నవాడే, కాదనను. కాకపోతే చేసిన దానం పదిమంది కంటా పడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. మోదుగులపాడులో సత్రం కట్టించి బాటసారులకు భోజనం పెట్టించేవాడు. తిన్న విస్తళ్లను మాత్రం వెనకాలే గుట్టగా పోయించి, అక్కణ్ణించి తీయనిచ్చేవాడు కాదు. గుట్ట ఎంత పెరిగితే తన కీర్తి అంత పెరిగినట్టని ఆయన నమ్మకం.

ఆ ఊళ్లో కుక్కలు ఎక్కువైపోయాయి. ఇద్దరు పిల్లలను కరిచాయి. ఒకనాడు రాజుగారి పల్లకీ వెంటపడితే, బోయీలు బెదిరి దాన్ని మురుగుకాలవలో దించేశారు.

రాజు మండిపడి ఊరివాళ్లను పిలిపించాడు. కుక్కకు రోజూ తిండి పెట్టేవాడే దానికి యజమాని అన్నాడు. ఆ యజమాని చీపురు పట్టి ఊరంతా ఊడవాలి. మూడు రోజుల్లో యజమాని తేలకపోతే కుక్కలన్నిటినీ చంపిస్తానన్నాడు.

సత్రానికి విస్తళ్లు కుట్టే గురవమ్మకు ముద్ద దిగలేదు. కాటు తిన్న పిల్లలను ఎత్తుకుని ఓదార్చింది ఆమే. ఆకులకోసం అడవికి వెళితే ఆమెకు తోడొచ్చేదేమో కర్రోడనే నల్ల వీధికుక్క. దానికి ఆమె ఏనాడూ మెతుకు వేసింది లేదు, ప్రేమగా పిలవడం తప్ప. పాపం, ఎవరి పక్షాన నిలబడుతుంది?

మూడోనాడు రాజు దుడ్డుకర్రల భటులతో దిగాడు. గురవమ్మ దండం పెట్టింది.

"యజమానిని చూపిస్తాను దొరా. సత్రం గంట కొట్టేదాకా ఆగండి."

"ఎవడైనా సరే, ఊడవాల్సిందే."

"ఎవరైనా సరేనా దొరా?"

"నా మాటకు తిరుగులేదు" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

మధ్యాహ్నం బంతి లేవగానే, విస్తళ్లు ఎత్తమని గంట కొట్టారు. అరుగుల కింద, బళ్ల నీడన పడుకున్న కుక్కలన్నీ ఒక్కసారిగా లేచి పరిగెత్తాయి. రాజూ జనమూ వాటి వెనకే వెళ్లారు. గుట్టమీద ఆకులు చింపుకుంటూ కుక్కలు ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి. కర్రోడూ అందులోనే ఉన్నాడు.

గురవమ్మ నెమ్మదిగా అంది: "రోజూ వీటి భోజనం ఇక్కడే దొరా. సత్రం ఎవరిదో, గుట్ట తీయొద్దన్నది ఎవరో తమకు తెలుసు. ఈ తిండికే ఊరూరి కుక్కలూ ఇక్కడికి చేరాయి. ఇక్కడ కొట్లాడుకునే కరవడం మరిగాయి."

భటులు నేలచూపులు చూశారు. రాజు మొహం కందగడ్డయింది. కాసేపు గుట్టను చూశాడు, కుక్కలను చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తలపాగా తీసి భటుడి చేతికిచ్చి, "చీపురేదమ్మా?" అన్నాడు.

ఏం కావాలో కోరుకోమంటే గురవమ్మ తనకేమీ అడగలేదు. విస్తళ్లను ఏ పూటవి ఆ పూటే గోతిలో పూడ్చమంది. కుక్కలను వీధివీధికీ పంచి, ఆ వీధివాళ్లే సాకేట్టు చూడమంది. రాజు రెండూ ఒప్పుకున్నాడు. పిల్లలకు తన వైద్యుణ్ణి పంపాడు. గురవమ్మకు కాస్త మాన్యమూ రాసిచ్చాడు.

పొద్దుగూకేసరికి రాజు ఊడ్చింది రెండు వీధులే. నడుం పట్టేసింది, మిగతావి రేపన్నాడు. జనం నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన చీపురుతో వచ్చి మూడో వీధి మొదట్లో నిలబడ్డాడు.