నీళ్ళు దిగిన పెరడు

"సామీ, పోయినదాని మీదికి మనసు పోకుండా ఉండేది ఎప్పటికి?" అని ఓబులమ్మ అడిగింది.

మద్దిలేటయ్య అప్పుడు ఒక రవికెకు చేతికుట్టు వేస్తున్నాడు. ఆయన దర్జీ. కర్నూలు సీమలో ఒక చిన్న ఊరి బజారులో కుట్టుమిషను పెట్టుకుని బతికేవాడు. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పాక నలుగురైదుగురు వచ్చి ఆయన ఎదుట చాప మీద కూర్చునేవారు. ఎవరు ఏమడిగినా ఆయన ముందు సూదిలో దారం ఎక్కించి, ఆ దారం అయిపోయేదాకా కుట్టి, అప్పుడు తలెత్తేవాడు. చాలామందికి ఆలోపే తమ ప్రశ్న అనవసరమనిపించి, దండం పెట్టి లేచిపోయేవారు. ఆ రోజు ఓబులమ్మ లేవలేదు.

ఆమెది మంచాలపాడు. కృష్ణ మీద ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళలో కలిసిపోయిన ఊళ్ళలో అదొకటి. పదహారేళ్ళ కిందట బండి మీద సామాను వేసుకుని వచ్చి ఈ ఊరి చివర కాలనీలో దిగింది. వచ్చిన మూడో ఏట భర్త పోయాడు. కొడుకు లారీ తోలుతాడు, పది రోజులకొకసారి ఇంటి ముఖం చూస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, కోడలు శివలీల.

కాలనీ నేల ఒట్టి గరుసు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. అయినా ఓబులమ్మ ఇంటి వెనక ఎండాకాలం కూడా పచ్చగానే ఉండేది. స్నానాల బండ మీంచి పారిన నీళ్ళు జానెడు కాలువలో గోంగూరకు పోయేవి. బియ్యం కడిగిన నీళ్ళు వంకాయ మొక్కలకు. అడుగు కారే కుండను పారెయ్యకుండా టమాటా మొక్కల నడుమ మెడదాకా పూడ్చి, రోజుకొక చెంబెడు నీళ్ళు అందులో పోసేది. మధ్యాహ్నం ఎండకు మొక్కల మీద చిరిగిన చీర కట్టేది. మాగిన దోసకాయ గింజలను పేడలో కలిపి గోడకు అతికించి దాచేది. మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్ళు, ఎక్కువ కాస్తే ఉడకబెట్టి మిద్దె మీద ఎండబెట్టేది. కాలనీ ఆడవాళ్ళు వచ్చి చూసి, ఈమె చేతిలో ఏముందోనని ముక్కున వేలేసుకునేవారు. ఓబులమ్మ మాత్రం ఆ కాయ కోస్తూ, కూర తాలింపు వేస్తూ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఒకటే మాట అనేది. "ఇదేం కాయ! మా పెరట్లో కాయ కదా కాయంటే." పదహారేళ్ళుగా ఆమె ఏ కూరనూ ఆ కూర రుచి కోసం తినలేదు.

ఇంతలో ఒకటి జరిగింది. శివలీల కాపురానికి వచ్చి ఆరు నెలలైంది. ఆ పిల్ల తనంతట తానే కంచె పక్కన బీరవిత్తనం పెట్టింది. నీళ్ళు పోసింది, తీగను కంచె మీదికి ఎక్కించింది, పురుగు పడితే బూడిద చల్లింది. తొలికాయ కోసిన రోజు ముక్కలు కూర చేసి, పొట్టు పచ్చడి నూరి, అత్తకు వడ్డించి ఎదురుగా నిలబడింది. ఓబులమ్మ ఒక ముద్ద తిని, అలవాటు కొద్దీ, "రుచీ పచీ లేదు. మా పెరట్లో బీరకాయ కోస్తే వాసనకే ఇల్లు నిండేది" అంది. మర్నాడు పొద్దున చూస్తే కంచె మీద తీగ వేలాడిపోయి ఉంది. మొదలు పీకేసి ఉంది. కోడలు తల ఎత్తకుండా అంట్లు తోముకుంటోంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల వెనక తలుపు దాటి పెరట్లో కాలు పెట్టలేదు. అడిగినదానికి జవాబు తప్ప మాట లేదు. ఓబులమ్మకు అన్నం సయించడం మానేసింది. అందుకే ఆమె అలా అడిగింది.

దారం అయిపోయింది. మద్దిలేటయ్య దాన్ని పంటితో కొరికి తలెత్తాడు.

"ఈ ఎండలకు నీళ్ళు బాగా దిగినాయంట. మీ ఊరు తేలిందంట. రేపు పోయొద్దాం పా."

నీళ్ళు దిగిన ఏడాదల్లా కాలనీవాళ్ళు వెళ్ళి తమ గోడలు చూసుకుని ఏడ్చి వచ్చేవారు. ఓబులమ్మ ఒక్కసారీ వెళ్ళలేదు. చూస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. "నేను రాలేను సామీ" అంది. ఆయన సూదిని దారపుకండెకు గుచ్చి, "తొలి బస్సుకే పోవాల. ఎండ ముదిరితే నడవలేం" అన్నాడు, ఆ మాట విననట్టు.

బస్సు దిగాక రెండు మైళ్ళు ఎండిన ఒండ్రు మీద నడిచారు. నేల పలకలు పలకలుగా పగిలి ఉంది. దూరంగా మిగిలిన నీళ్ళు సన్నగా మెరుస్తున్నాయి. మొండిగోడలు మోకాలెత్తున లేచి ఉన్నాయి. ఓబులమ్మకు దోవ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కూలిన బడి మెట్లు దాటింది, సగం పూడిన గానుగరాయి దాటింది, ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇల్లు లేదు. గడప కింది రాయి ఉంది. చేదబావి ఒర ఉంది, లోపల మన్ను. దాని పక్కన బట్టలుతికే బండ, ఒక మూల పెచ్చు ఊడి, తను వదిలి వెళ్ళినట్టే ఉంది. ఆ బండ చుట్టూ అంతా పచ్చగా ఉంది. కంపతో కట్టిన దడి. లోపల దోసతీగలు గజాల కొద్దీ పాకి, ఆకుల కింద పసుపుపచ్చ కాయలు దొర్లుతున్నాయి.

ఓబులమ్మకు కళ్ళు ఎర్రబడ్డాయి. దడి తోసుకుని లోపలికి వెళ్ళి, "ఎవరు వేసినారిది? ఎవరినడిగి వేసినారు? ఇది మా పెరడు!" అని అరిచింది.

పట్టా కప్పిన చిన్న పాకలోంచి ఒక నడివయసు ఆడమనిషి తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. పేరు పైడమ్మ. సముద్రం ఒడ్డున శ్రీకాకుళం దిక్కు నుంచి చేపలవేటకు ఈ జలాశయానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. నీళ్ళు దిగినప్పుడు ఆమె బయటపడిన ఒండ్రులో నాలుగు కాయగూరలు పండిస్తుంది, వానలకు నీళ్ళు మళ్ళీ ఎక్కేదాకా.

"నీదా అమ్మా ఈ పెరడు?" అంది పైడమ్మ, ఆ కేకకు ఏ మాత్రం బెదరకుండా. "మరి రావేటి ఇన్నేళ్ళు! నాలుగేళ్ళ బట్టి ఎవుల్నడగాలో తెలీక సత్తన్నాను. ఇదిగో, ఈ మూల సూడు. బెండేసినా సచ్చిపోతంది, ఆనప ఏసినా సచ్చిపోతంది. ఏటి కారనం?"

ఓబులమ్మ నోట తిట్టు సిద్ధంగా ఉంది. కానీ ఆమె కళ్ళు ఆ మూలకు వెళ్ళాయి. వెళ్ళాక నోరు వేరే మాట పలికింది. "అక్కడేం బతుకుతాది? ఇల్లు కట్టినప్పటి సున్నపుగుంట కదా అది. జానెడు తవ్వు, తెల్లగా తేల్తాది. ఈ పక్కకు రా, బండకు తూర్పున. ఇక్కడ మా అత్త ఇరవై ఏళ్ళు పొయ్యిబూడిద పోసింది. రాయి పెట్టినా మొలుస్తాది."

పైడమ్మ గునపం తెచ్చి తవ్వింది. తెల్లగా సున్నం తేలింది. ఇద్దరూ గట్టిగా నవ్వారు. తరువాత గంటసేపు ఓబులమ్మ ఆ పెరడంతా తిరిగి చూపించింది. ఎక్కడ కరివేపచెట్టు ఉండేదో, కాకర ఎక్కడ పాకేదో, నీళ్ళు ఏ వాలున పోతే వృథా కావో. పైడమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆమె వెనకే నడిచింది. మద్దిలేటయ్య పాక నీడలో చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు పైడమ్మ ఒక దోసకాయ కోసింది. కొన తుంచి నాలుకకు తాకించి, చేదు లేదని చూసి, ముక్కలు తరిగి ఉప్పూ కారం అద్ది ముందు పెట్టింది. ఓబులమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. అదే. ఆ పలుచని పులుపు, గింజ దగ్గర ఆ కాస్త తీపి, కొరికినప్పుడు ఆ చల్లదనం, అంతా అదే. పదహారేళ్ళు ఎదురుచూసినది నాలుక మీద ఉంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

పైడమ్మ కూడా ఒక ముక్క నమిలింది. నమిలి పెదవి విరిచింది.

"ఏటి కాయలో ఇవి, రుసీ పాడూ లేదు. మా యూరి ఇసకలో కాసిన దోసకాయ తినాలమ్మా! ఇది ఒట్టి బురదకాయ. ఏదో కడుపుకి తింటన్నాం."

ఓబులమ్మ నమలడం ఆగిపోయింది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. తన అత్త బూడిద పోసిన మన్ను, తన చేతులతో నీళ్ళు కట్టిన మన్ను. బురదట! ఆ మాట అన్న మనిషిలో పాపం ఏమీ లేదు. ఆమె ఎటో తూర్పుకు చూస్తోంది. ఆ చూపు ఓబులమ్మకు బాగా తెలుసు. ఆ చూపుతో తను ఎన్ని పళ్ళేల ముందు కూర్చుందో, ఎదురుగా ఎవరెవరు నిలబడ్డారో ఒక్కసారిగా గుర్తుకొచ్చి, ఆమె తల దించుకుంది.

మద్దిలేటయ్య లేచి కూర్చుని పళ్ళెంలో మిగిలిన ముక్కలన్నీ ఒకటొకటిగా తినేశాడు. "నాకైతే కాయ బాగుంది" అన్నాడు.

పైడమ్మ కట్టి ఇచ్చిన దోసకాయల్లో ఒకటి ఆ సాయంత్రం ఓబులమ్మ తరిగి శివలీల ముందు పెట్టింది. "మా పెరట్లోది" అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఆ పిల్ల తిని, "బాగుంది అత్తా" అంది, పరాయి ఇంట్లో అన్నట్టు.

ఓబులమ్మ ఇంకో ముక్క కోసి ఆమె ముందు పెట్టింది. తరువాత, "మీ ఊర్లో దోసకాయలు ఎట్లుంటాయి?" అని అడిగింది.

శివలీల అత్త ముఖంలోకి చూసింది, ఇది ఇంకో దెప్పిపొడుపేమోనని. కాదని తెలిశాక నెమ్మదిగా మొదలుపెట్టింది. వాళ్ళది ఎర్రనేల. దోసకాయ పిడికిలంతే కాస్తుంది, పైన పలుచని చారలుంటాయి. అమ్మ పప్పులో వేస్తే వీధి చివరిదాకా వాసన. బీరపాదు బావిగట్టున ఉండేది. ఆ బీరవిత్తనాలే కొంగున కట్టుకుని వచ్చింది. ఆ మాట దగ్గర ఆ పిల్ల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఓబులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. ఇంకా ఉన్నాయా ఆ గింజలు?" అంది. "నాలుగుండాయి" అంది శివలీల ముక్కు తుడుచుకుంటూ. దీపాలు పెట్టే వేళ దాటినా ఆ మాటలు ఆగలేదు. తన మాటలే వేరే నోట వింటున్నట్టుంది ఓబులమ్మకు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి కంచె పక్కన మన్ను గుల్ల చేసి, ఆ నాలుగు గింజలూ పెట్టారు.

పది రోజులయ్యాక ఓబులమ్మ మద్దిలేటయ్య దగ్గరికి వెళ్ళి చాప మీద కూర్చుంది. ఆమె ముఖం తేటగా ఉంది, కానీ కళ్ళలో తడి అలాగే ఉంది.

"బీరగింజలు మొలిచినాయి గానీ, నేనడిగిన ఆ బెంగ పోలేదు సామీ. ఉండనే ఉండాది. అది చాలదన్నట్టు ఇప్పుడు ఆ పిల్లది కూడా వచ్చి చేరింది."

"అట్లయితే ఈసారి పందిరి కొంచెం పెద్దదే వేసుకోండి" అన్నాడు మద్దిలేటయ్య.