పంతొమ్మిదో నంబరు బిళ్ళ

తిరుపాలుకు అన్నం సహించడం లేదు. చూస్తూండగానే సోమవారం దగ్గర పడుతోంది.

కొత్తపేట లైబ్రరీలో కుర్చీలు నలభై. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు రెండు వందల మంది. తెల్లారకముందే సంచులు పెట్టి కుర్చీలు పట్టుకోవడం, ఆ సంచుల్ని ఇంకెవరో తీసి కింద పెట్టడం, రోజూ ఇదే గొడవ. "ఫోన్లోనే కుర్చీ రిజర్వు చేసుకునేట్టు వెబ్‌సైటు చేసిస్తా మేడమ్" అని లైబ్రేరియన్ సుభద్రమ్మగారికి తిరుపాలు మాటిచ్చేశాడు. వెబ్‌సైట్లను వెనక నుంచి నడిపే సర్వర్ ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టి అప్పటికి అయిదు నెలలు. ఆవిడ నమ్మి, సోమవారం నుంచి అని నోటీసు కూడా అంటించింది.

ఇంట్లో ఒక్కడే కూర్చుని చూసుకున్నంత కాలం సైటు భేషుగ్గా నడిచింది. లోపలికి రాగానే పేరు అడుగుతుంది. సర్వర్లో ఆ పేరు రాసి పెట్టుకోవడానికి ఒకే ఒక్క చోటు చూపించాడు. "నమస్కారం తిరుపాలు" అంటుంది, ఏ కుర్చీ నొక్కినా ఇస్తుంది. రెండు రోజులు మనవాడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

గురువారం మధ్యాహ్నం చెల్లెలు కూడా తన ఫోన్లో లోపలికి వెళ్ళింది. అంతే, తిరుపాలు ఫోన్లో "నమస్కారం ఈశ్వరి" అని వచ్చింది. తను నొక్కిన ఏడో కుర్చీ చెల్లెలి పేరున పడింది. ఎన్నిసార్లు చేసినా ఆఖర్న వచ్చినవాళ్ళదే రాజ్యం.

సాయంత్రం గురువుగారిని వెతుక్కుంటూ దర్గాకు వెళ్ళాడు. ఖాదర్ వలీ మాస్టారు ఊళ్ళో ఎంతోమందికి కంప్యూటరు నేర్పిన మనిషి. గురువారాలు మాత్రం దర్గా గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో సేవకు కూర్చుంటారు. చెప్పులు అందుకుని, నంబరు కొట్టిన రేకు బిళ్ళ చేతిలో పెడతారు.

చెప్పులు విప్పుతూనే తిరుపాలు మొదలుపెట్టాడు. "సార్, సర్వర్ నన్ను మర్చిపోతాంది. ఎంత గుర్తుపెట్టుకోమని రాసినా..."

"ముందు లోపలికి పోయి దణ్ణం పెట్టుకొని రాప్పా" అంటూ మాస్టారు పంతొమ్మిదో నంబరు బిళ్ళ ఇచ్చారు.

తిరిగొచ్చేసరికి స్టాండు ముందు జనం. తిరుపాలు వాళ్ళ భుజాల మీదుగా తొంగిచూసి, "సార్, నా చెప్పులు" అన్నాడు.

మాస్టారు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "బిళ్ళ?"

"నేను సార్, తిరుపాలును."

"అయ్యుండొచ్చు. బిళ్ళ?"

"అయిదు నెలల్నుంచి మీ దగ్గర నేర్చుకుంటాండాను. పోయిన ఆదివారం మీ ఇంట్లో బిర్యానీ తింటి. నన్నే గుర్తుపట్టరా సార్?" తిరుపాలుకు నిజంగానే బాధేసింది.

వెనక నిలబడ్డ ముసలమ్మ విసుక్కుంది. "బిళ్ళ ఇయ్యి నాయనా, మేమూ పోవల్ల."

మాస్టారు ఆమె బిళ్ళ అందుకున్నారు. ముఖం చూడలేదు, నంబరు చూశారు. ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టారు. అప్పుడు తిరుపాలు వైపు తిరిగి నవ్వారు.

"ఈడ నేను ఎవుర్నీ గుర్తుపెట్టుకోనప్పా. అందుకే ఎవురి చెప్పులూ మారవు."

తిరుపాలు గుప్పిట విప్పాడు. బిళ్ళను చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. అందరి చేతుల్లోనూ తలా ఒక బిళ్ళ. మరుక్షణం చెప్పుల మాటే మర్చిపోయి, వట్టి కాళ్ళతో ఇంటిదారి పట్టి పరుగెత్తాడు.

ఆదివారం రాత్రికల్లా సైటు లోపలికొచ్చిన ప్రతి ఫోనుకూ వేరే నంబరు ఇచ్చి, ఆ ఫోను ఏది నొక్కినా ముందు ఆ నంబరే చూడసాగింది. సోమవారం పొద్దున లైబ్రరీలో నలభై మంది ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని చదువుకుంటున్నారు. సంచులు వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి.

మళ్ళీ గురువారం తిరుపాలు వట్టి కాళ్ళతోనే స్టాండు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎవురప్పా నువ్వు?" అన్నారు మాస్టారు, కళ్ళతో నవ్వుతూ.

తిరుపాలు పేరు చెప్పలేదు. జేబులోంచి బిళ్ళ తీసి, రెండు చేతులా అందించాడు.