ఎగువబీడు ఖాళీ దొప్ప

ఒళ్ళు కాలిపోతున్నా "నాకేం లేదు" అని అబద్ధం చెప్పి ఆటకు పరుగెత్తే నువ్వు, ముందు నిటారుగా కూర్చో. నీ జ్వరం పక్కవాడికి అంటించి, వాడు మంచాన పడ్డాక ఏమీ తెలియనట్టు తల గోక్కుంటావు. దాన్ని ధైర్యం అనరు. ఈ కథ నీకోసమే చెబుతున్నాను, విను.

ఏరుపాయల అడవిలో ఐదు పేటలు ఉండేవి. ఎగువబీడులో కణితులనే పెద్ద దుప్పులు, రాళ్ళగుట్టలో కొండగొర్రెలు, వెదురుకోనలో అడవిదున్నలు, మడుగు ఒడ్డున అడవిపందులు, చింతతోపులో కుందేళ్ళు కాపురం ఉండేవి. అన్నీ ఒకే వాగు నీళ్ళు తాగేవి. అందుకే ఒక పేటలో జబ్బు పుడితే మిగతా పేటలకు పాకడానికి ఎంతో కాలం పట్టేది కాదు.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. ఎనిమిది రోజులకోసారి ప్రతి పేట పెద్దా ఒక ఆకుదొప్ప సిద్ధం చేయాలి. జ్వరంతో ఉన్న ఒక్కో ప్రాణికి ఒక కుంకుడుగింజ, నోట పుండ్లు లేచి కుంటుతున్న ఒక్కో ప్రాణికి ఒక గురివిందగింజ, చనిపోయిన ఒక్కో ప్రాణికి ఒక నల్లరాయి అందులో వేయాలి. జబ్బు ఏదీ లేకపోతే ఖాళీ దొప్పయినా పంపాలి. దొప్ప రాకపోతే జబ్బు లేదని కాదు, కబురు లేదని అర్థం.

కాకి ఐదు దొప్పలూ మోసుకొచ్చి సూదమ్మ ముందు పెట్టేది. సూదమ్మ ముసలి ముళ్ళపంది. అది గింజలను పేటకొక వరుసగా బండ మీద పరిచి, పోయినసారి కంటే ఎన్ని పెరిగాయో చూసేది. ఏ వరుస పెరిగితే ఆ పేటకు మందు పోయేది. ఒకసారి వెదురుకోన నుంచి ఏడు కుంకుడుగింజలు రాగానే పసిగట్టి, ఆ జ్వరం కోన దాటకుండా ఆపింది. ఆ బండను చూసి ఏరుపాయలలో చిన్నాపెద్దా అందరూ గర్వపడేవారు. పడాలి కూడా. వేరే ఏ అడవికీ అలాంటి బండ లేదు.

కానీ మంచి కట్టుబాటులో ఒక తప్పు దూరింది. ప్రతి పున్నమికీ, ఖాళీ దొప్ప పంపిన పేట పెద్దకు మోదుగపూల దండ వేసేవారు. ఎగువబీడు పెద్ద దండకొమ్ము అనే కణితి వరుసగా ఆరు దండలు వేసుకుంది. వాడిపోయిన దండలను కూడా కొమ్ములకు తగిలించుకునే తిరిగేది.

ఆ వేసవిలో నోరు పుండ్లు పడి గిట్టలు చెడే గాలికుంటు జబ్బు వచ్చింది. పున్నమికి ముందు దొప్ప పంపే రోజున, దండకొమ్ము చెల్లెలు రేగమ్మ పరుగున వచ్చింది.

"అన్నా, మందలో మూడు కూనలు కుంటుతున్నాయి. నోటి వెంట చొంగ కారుతోంది. మూడు గురివిందగింజలు వేద్దాం."

"ముళ్ళు గుచ్చుకుని ఉంటాయిలే," అంది దండకొమ్ము.

"మూడింటికీ ఒకేసారా?"

"పున్నమి నాలుగు రోజుల్లో ఉంది రేగమ్మా. ఏడో దండ ఇంతవరకూ ఏ పెద్ద మెడలోనూ పడలేదు."

"నీ బిడ్డ కూడా ఆ కూనలతోనే తిరుగుతోంది. దండ సంగతి తర్వాత, అది చూసుకో."

దండకొమ్ము మొహం తిప్పుకుంది. ఖాళీ దొప్పే కాకి ముందు పెట్టింది.

అదే రోజు రాళ్ళగుట్ట నుంచి రెండు గురివిందగింజలు వచ్చాయి. పంపింది ఆ గొర్రెలు తమ పెద్దగా పెట్టుకున్న పొలుసయ్య, ఒళ్ళంతా పొలుసులుండే అలుగు. సూదమ్మ వెంటనే గుంటలో వేపబెరడు నానబెట్టింది. ఆ నీళ్ళు పదును రావాలంటే నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా కుంటే గొర్రెలను వేరుగా ఉంచి, వాగు దిగువన తాగించమని కబురు పెట్టింది. నాలుగో నాడు వాటి గిట్టలు ఆ నీళ్ళలో ముంచారు. జబ్బు ఆ రెండింటితోనే ఆగిపోయింది.

పున్నమి నాడు దండకొమ్ము ఏడో దండ వేసుకుని, పొలుసయ్యను చూసి నవ్వింది.

"ఏం పొలుసయ్యా, నీది రాళ్ళగుట్టా, జబ్బులగుట్టా?"

"ఉన్నవి రెండు, పంపినవి రెండు. నా దొప్పను ఎవరు లెక్కపెట్టినా నేను తల దించుకోను," అంది పొలుసయ్య. దండ లేకపోయినా అది మెడ నిటారుగా నిలిపి ఇంటికి నడిచింది.

మళ్ళీ దొప్ప పంపే రోజు వచ్చేసరికి ఎగువబీడులో నలభై కణితులు కుంటుతున్నాయి. దండకొమ్ము బిడ్డ లేవలేక పడి ఉంది. దండకొమ్ము అప్పటికీ ఖాళీ దొప్ప కోసమే చూస్తుంటే, రేగమ్మ దాని కొమ్ములకు అడ్డంగా నిలబడి ఆపింది. నలభై గింజలు తానే వేసింది. కాకి ఆ దొప్ప ఎత్తలేక రెండుసార్లు తిరిగింది.

సూదమ్మ బండ మీద నలభై ఎర్రగింజలు పరిచి, పోయినసారి ఖాళీ వరుసతో పోల్చి చూసింది. తర్వాత, "ఖాళీ దొప్పకు దండ వేసి అబద్ధాన్ని నేర్పింది మనమే. ఇకమీదట సరైన రోజున నిజం పంపిన దొప్పకే దండ," అంది. ఆ మాట మీద మొదటి దండ పొలుసయ్య మెడలో పడింది. గాలికుంటు వాగు దాటి మిగతా పేటలకు పోకుండా ఆ బండ మీది లెక్క చూసి సూదమ్మ అన్ని దారులూ కట్టించింది. అడవి తన బండను చూసి మళ్ళీ తలెత్తుకుంది.

ఎగువబీడుకు మాత్రం ఆలస్యమైంది. బెరడు నానడానికి నాలుగు రోజులు కావాలి. నలభైకి సరిపడా బెరడు ఒలవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పెద్దవి గిట్టలు ఊడినా బతికాయి. కూనలు తట్టుకోలేకపోయాయి.

మంద రేగమ్మను పెద్దగా ఎన్నుకుంది. కానీ ఆ విడత దొప్పను దండకొమ్మే నింపాలని అందరూ తీర్మానించారు. అది ఏడు దండలూ నేల మీద పడేసి, జబ్బు తగిలి తానూ కుంటుకుంటూ వచ్చి, ఒక్కొక్కటిగా తొమ్మిది నల్లరాళ్ళు దొప్పలో వేసింది. తొమ్మిదో రాయి తన సొంత బిడ్డది.

నీతి: ఉన్న జబ్బును ఉన్నట్టు చెప్పడమే గౌరవం, పేరు కోసం దాన్ని దాచినవాడు తనవాళ్ళ ప్రాణాలతోనే ఆ పేరు కొనుక్కుంటాడు.