నక్క పంతులు ప్రదర్శన వంతెన

వీణ పలకాలంటే ముందు వేలు కదలాలని లోకానికి తెలిపిన వాణీదేవికి అంజలి ఘటించి, తాను కట్టించని వంతెనపై తానే నడవవలసి వచ్చిన వాగ్విలాసుడనే నక్క పంతులు కథ చెబుతున్నాను.

ఇప్పలకోనను రెండుగా చీలుస్తూ ఒక వాగు పారేది. మేత ఆవలి గట్టున, నివాసాలు ఈవలి గట్టున. ఈవలి గట్టునే కూర్మయ్య అనే ముసలి తాబేలు, కొమ్ములు మొలిచే ఈడు పిల్లలకు బడి నడిపేది. వానలు వచ్చేలోగా వాగుకు వంతెన కట్టండని చెప్పి, వెదుళ్లూ నారతాళ్లూ అందేచోట పెట్టి, తాను రాతిపై మౌనంగా కూర్చునేది. పిల్లలు రెండుసార్లు కట్టారు. రెండుసార్లూ అది వాగులో కొట్టుకుపోయింది. గురువు నోరు మెదపలేదు. పలకని పంతులు మనకెందుకని తల్లిదండ్రులు గొణిగారు.

ఆ గొణుగుడు విన్న నక్క, ‘మాంటిస్సోరి ప్రాజెక్టు విద్యాలయం’ అని పలక వేలాడదీసింది. అక్కడ ఏ పనీ విరిగేది కాదు. రాత్రి ఇళ్లలో పెద్దలు చేసినది ఉదయం బడికి వచ్చేది; నక్క దానికి పూలదండ చుట్టి, పిల్ల పేరు రాసేది. కోనంతా అటు ఒరిగింది. చివరకు ఎలుగు పెద్ద తీర్పు ప్రకటించాడు: ఎవరి వంతెన మేలైనదైతే వారి బడే ఉంటుంది, రెండవది మూతపడుతుంది.

ప్రదర్శన నాడు నక్క వంతెన మోదుగుపూలతో మెరిసిపోయింది. దాని ముందు చుక్కి అనే మేకపిల్ల తడబడకుండా ఉపన్యాసం చదివింది. కూర్మయ్య పిల్లల వంతెన వంకరగా ఉంది. పక్కనే పాత విరుగుళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి.

“విరిగినవీ చూపుతున్నావా తాతా? దాచడానికి ఇంట్లో చోటు లేదా?” అన్నది నక్క.

“అవి మా పాఠాలు బావా. తప్పు ఎక్కడుందో వాగే దిద్దింది, నాకు పని తగ్గింది.”

ఎలుగు పెద్ద ఆవులించి, పూలవంతెన వైపు చేయి ఎత్తబోయాడు. అప్పుడు కూర్మయ్య వినయంగా కోన ఆచారం గుర్తుచేసింది: కొత్త వంతెనపై కట్టినవారి కాలే మొదట పడాలి. పెద్ద సరేనన్నాడు.

కూర్మయ్య పిల్లలు వరుసగా నడిచారు. నడుమ ఒక లేడికూన ఆగి, వదులైన ముడిని పంటితో బిగించి, మళ్లీ సాగింది. అందరూ ఆవలి గట్టు చేరారు.

తరువాత చుక్కి వంతు. అది గిట్ట ఎత్తిందో లేదో తల్లిమేక అడ్డంగా వచ్చి పడింది.

“ఆగు తల్లీ. దొరా, ఇది నా బిడ్డ కట్టలేదు. నేనూ కొండముచ్చు మామా కట్టాం. పూల కింద ఉన్నవి ఎండు జిల్లేడు పుల్లలు.”

చుక్కి తల వంచుకుని, “నన్ను ముట్టనివ్వలేదు. పాడుచేస్తానన్నారు,” అన్నది.

ఎలుగు పెద్ద నక్క వైపు తిరిగాడు. “పిల్లలే కట్టే పద్ధతి నీదని పలక వేలాడదీశావు కదా పంతులూ. నువ్వే నడు.”

“ఇది ప్రదర్శన వంతెన దొరా, నడక వంతెన కాదు.”

“వాగుకు ఆ తేడా తెలియదు.”

పైన పటారం, లోన లొటారం. మూడవ అడుగుకే పుల్లలు ఫెళ్లుమన్నాయి. నక్క పూలతో సహా నీటిలో పడి, దిగువకు కొట్టుకుపోయింది. అక్కడ ఒక ముళ్లపొదను పట్టుకుని ఒడ్డెక్కి, మళ్లీ కోనవైపు తిరిగి చూడలేదు.

సాయంత్రం చుక్కి కూర్మయ్య దగ్గర నిలబడి, తానొక ముడి వేయవచ్చా అని అడిగింది. తాబేలు తాడు దాని ముందుకు జరిపింది. ముడి జారింది. మళ్లీ జారింది. తల్లిమేక ఆగలేక ఇలా కాదని చెప్పబోయింది.

“నోరు కట్టుకో అమ్మా, బిడ్డ నోట తాడుంది,” అన్నది కూర్మయ్య.

మూడవసారి ముడి నిలిచింది.

బిడ్డ పని పెద్దలు చేస్తే, బిడ్డకు దక్కేది బహుమతే గాని విద్య కాదు.

ఈ కథ విన్నవారి బిడ్డల చేతులకు పనియు, పెద్దల చేతులకు ఓర్పును, ఇరువురి నడుమ తెగని వంతెనయు కలుగుగాక.